అంబాసిడర్ తలుపుకు కొత్త ప్యాడ్

కారు తలుపును లోపలి వైపున కప్పి ఉంచే పలకే డోర్ ప్యాడ్. కొందరు మెకానిక్‌లు డోర్ ట్రిమ్ అంటారు, పాత కార్ల దగ్గర డోర్ అట్ట అన్నా అర్థమవుతుంది. తలుపు బయటి రేకుకూ లోపలి రేకుకూ మధ్య కొంత ఖాళీ ఉంటుంది. అద్దం దిగేది ఆ ఖాళీలోకే. అద్దాన్ని ఎత్తి దించే యంత్రం, తాళానికి సంబంధించిన కడ్డీలు కూడా అక్కడే ఉంటాయి. వాటిని బిగించడానికి, మరమ్మతు చేయడానికి వీలుగా లోపలి రేకుకు చెయ్యి దూరేంత కన్నాలు ఫ్యాక్టరీలోనే పెడతారు. ఆ కన్నాలనూ కడ్డీలనూ గ్రీజునూ కంటబడకుండా కప్పేది, కూర్చున్నవారి మోచేతికి మెత్తగా తగిలేది, రోడ్డు చప్పుడును కొంతైనా తగ్గించేది ఈ పలక.

పాత కారును బాగు చేయించేటప్పుడు ఇంజన్, టింకరింగ్, పెయింటింగ్, క్రోమ్ పనులకే నెలలు గడిచిపోతాయి. డోర్ ప్యాడ్ వంతు చివర్లో వస్తుంది. అప్పటికి యజమానికి ఓపికా డబ్బూ రెండూ తగ్గి ఉంటాయి. నాలుగు అట్టలు కోయించి, కొత్త రెగ్జిన్ అంటించి, బిగించేస్తే అయిపోయిందనుకుంటారు. ఒక్క వానాకాలం గడిచేసరికి అట్ట అడుగున ఉబ్బుతుంది, రెగ్జిన్ బుడగలు లేస్తుంది, క్లిప్పులు ఊడి ప్యాడ్ కింది అంచు తలుపు నుంచి దూరం జరుగుతుంది. నింద కుషన్ వర్క్స్ మేస్త్రీ మీద పడుతుంది. నిజానికి చాలాసార్లు లోపం ప్యాడ్ వెనుక, తలుపులోనే ఉంటుంది.

ఈ పనిని వివరించడానికి మన దగ్గర అంబాసిడర్‌ను మించిన కారు లేదు. ఇంగ్లండ్‌లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారు ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో దీన్ని తయారు చేసింది. 1950ల చివర మొదలైన ఉత్పత్తి 2014 మే నెలలో ఆగిపోయింది. ఈ మధ్యలో మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4, నోవా అంటూ పేర్లు మారాయి, ముందు గ్రిల్లు మారింది, ఇంజన్లు మారాయి. కారు ఆకారం మాత్రం దాదాపు అలాగే నిలిచింది. నాలుగు తలుపులు, చేత్తో తిప్పితే దిగే అద్దాలు, పాత మోడళ్ల ముందు తలుపుల్లో గాలి కోసం తెరుచుకునే ముక్కోణపు చిన్న అద్దం. కలెక్టరేట్ ఆవరణల నుంచి రైల్వే స్టేషన్ టాక్సీ స్టాండ్ల దాకా తెలుగునాట ఈ తలుపు చప్పుడు తెలియని తరం లేదు. దీని పాత డోర్ ప్యాడ్ చదునుగా ఉండే బోర్డు. దాని మీద రెగ్జిన్, చెయ్యి పెట్టుకునే ఆర్మ్‌రెస్ట్, హ్యాండిళ్లు, అంతే. తర్వాతి కాలపు కార్ల ప్లాస్టిక్ ప్యాడ్‌లలాగా అచ్చు పోస్తే తప్ప తయారు కానిది కాదు. చేత్తో కోసి, చేత్తో అంటించి, అసలుదానికి దీటుగా చేయవచ్చు.

ఇప్పుడు ఈ పనికి ఇంకో అవసరం కూడా వచ్చింది. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్‌కు ప్రత్యేక నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో నిలిచి, ఛాసిస్‌లోగానీ బాడీలోగానీ ఇంజన్‌లోగానీ పెద్ద మార్పులు జరగని సొంత వాహనాలకు అవి వర్తిస్తాయి. ఆ నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత ‘వీఏ’ అని వస్తుంది. మార్క్ 1 కార్లు, మార్క్ 2లో చాలా భాగం ఇప్పటికే ఆ వయసు దాటాయి. నియమాల దృష్టి ఛాసిస్, బాడీ, ఇంజన్ల మీదే ఉన్నా, పాత కారును ప్రేమించేవాళ్లు తలుపు తెరవగానే మొదట చూసేది ప్యాడ్‌నే. ఆ కారుకు ఎలాంటి పని జరిగిందో అక్కడే తెలిసిపోతుంది.

పాత ప్యాడ్‌లో ఉన్న పదార్థాలు ఏమిటో తెలిస్తే అది ఎందుకు పాడైందో తెలుస్తుంది. పలకకు వాడినది ఎక్కువగా హార్డ్‌బోర్డు. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం లారెల్ పట్టణంలో విలియం మేసన్ అనే ఆయన 1924లో దీన్ని తయారు చేసే పద్ధతి కనిపెట్టారు. చెక్క ముక్కలను అధిక పీడనం ఉన్న ఆవిరిలో ఉంచి, ఆ పీడనాన్ని ఒక్కసారిగా వదిలితే చెక్క పీచుపీచుగా విడిపోతుంది. ఆ పీచును వేడి మీద గట్టిగా నొక్కితే, చెక్కలో సహజంగా ఉండే లిగ్నిన్ అనే పదార్థమే బంకలా పట్టి పలక తయారవుతుంది. చవక, తేలిక, ఎలా కోస్తే అలా తెగుతుంది, కొద్దిగా వంచితే వంగుతుంది. కార్ల కంపెనీలకు ఇంతకన్నా ఏం కావాలి? కానీ పీచు పీచే. అంచుల నుంచి నీళ్లు తగిలితే ఒత్తిలా పైకి పీల్చుకుంటుంది, ఉబ్బుతుంది, ఎండితే మళ్లీ పాత మందానికి రాదు. బ్రిటిష్ కార్లలో కొన్నిటికి అంతకన్నా మెత్తని అట్టనే వాడేవారు. దానికి నీళ్లంటే మరీ భయం.

పైన అంటించిన తొడుగును ఇప్పటికీ అందరం రెగ్జిన్ అనే అంటాం. అది మొదట ఒక కంపెనీ సరుకు పేరు. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ దగ్గరి హైడ్ పట్టణంలో తయారయ్యేది. నూలు గుడ్డ మీద నైట్రోసెల్యులోజ్ పూత పూసి, తోలు గీతలు అచ్చు వేసిన కృత్రిమ తోలు అది. ఇప్పుడు బజార్లో రెగ్జిన్ పేరుతో దొరికేది గుడ్డకు పీవీసీ పూత వేసిన సరుకు. పీవీసీ స్వతహాగా గట్టిది. మెత్తదనం కోసం అందులో కలిపే నూనె లాంటి రసాయనాలు ఎండకు ఏళ్ల తరబడి మెల్లగా బయటికి వచ్చేస్తాయి. అందుకే పాత ప్యాడ్ పై అంచు, అంటే ఎండ నేరుగా పడే చోటు, ముందుగా బిరుసెక్కి పగులుతుంది. మెత్తదనం పోయిన రెగ్జిన్ ఏ పాలిష్ పూసినా మళ్లీ మెత్తబడదు.

పై భాగాన్ని ఎండ పాడు చేస్తే కింది భాగాన్ని నీళ్లు పాడు చేస్తాయి. ఆర్మ్‌రెస్ట్ చుట్టూ చేతి చెమట, జిడ్డు. ఈ మూడింటిలో నీళ్లదే పెద్ద నేరం. కారు తలుపులోకి నీళ్లు రావడం లోపమని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. అద్దం పైకీ కిందికీ కదలాలంటే తలుపు పై అంచున సందు ఉండక తప్పదు. ఆ సందు దగ్గరి గ్లాస్ రబ్బరు వాననీటిని చాలా వరకు ఆపుతుంది గానీ పూర్తిగా ఆపలేదు. లోపలికి దిగిన నీళ్లు బయటి రేకు వెంట జారి, తలుపు అడుగున ఉన్న చిన్న కన్నాల గుండా బయటికి పోయేలా తలుపును తయారు చేశారు. అంటే తలుపు లోపలి భాగం తడవడానికి సిద్ధంగానే ఉంటుంది. ప్యాడ్ తడవకూడదు, అంతే. ఆ రెండింటి మధ్య అడ్డుగా ఫ్యాక్టరీవాళ్లు మైనపు కాగితమో, తారు కాగితమో, తర్వాతి రోజుల్లో ప్లాస్టిక్ షీటో అంటించేవారు. చేతులు మారిన కార్లలో ఆ కాగితం ఎప్పుడో చిరిగిపోయి ఉంటుంది. అద్దం మరమ్మతుకు విప్పిన మెకానిక్ దాన్ని పీకేసి, తిరిగి పెట్టకుండానే ప్యాడ్ బిగించి ఉంటాడు. మొత్తం కథ మొదలయ్యేది అక్కడే.

పాత ప్యాడ్ బాగుపడుతుందా, కొత్తది చేయించాలా అన్నది తొందరపడి తేల్చకూడదు. బోర్డు చదునుగా ఉండి, రెగ్జిన్ మురికి పట్టిందే గానీ పగలకపోతే గోరువెచ్చని సబ్బు నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో తుడిస్తే తేరుకుంటుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ప్యాడ్, కొంచెం వెలిసినా సరే, కొత్తదానికన్నా విలువైనదే. రెగ్జిన్ బాగుండి బోర్డు ఒక్కటే చెడితే, రెగ్జిన్‌ను జాగ్రత్తగా ఊడదీసి కొత్త బోర్డుకు అంటించే పని కూడా కొందరు మేస్త్రీలు చేస్తారు. పాత జిగురు ఎండి ఉంటే సులువే, లేకపోతే హెయిర్ డ్రయ్యర్‌తో కొద్దిగా వేడి చేస్తూ లాగాలి. బోర్డు ఉబ్బి, రెగ్జిన్ పగిలి, రెండూ చెడినప్పుడే కొత్తది చేయించాలి.

విప్పడానికి ముందు ఫొటోలు తీసుకోవాలి. నాలుగు తలుపులకూ విడివిడిగా, హ్యాండిల్ ఏ కోణంలో ఉందో, ఏ స్క్రూ ఎక్కడుందో, అంచున రబ్బరు ఎలా తిరిగిందో కనబడేలా తీయాలి. అంబాసిడర్‌లో ఇంకో తమాషా ఉంటుంది. టాక్సీగానో, ఆఫీసు కారుగానో తిరిగిన బండి ప్యాడ్‌ల మీద కొత్త రెగ్జిన్‌ను పాతదాని మీదే అంటించిన పొరలు దొరుకుతాయి. పైన తెల్లది, దాని కింద గోధుమ రంగుది, అడుగున ఫ్యాక్టరీ రంగు. ఆర్మ్‌రెస్ట్ విప్పి దాని కింద చూస్తే ఎండ సోకని, చెయ్యి తగలని ముక్క అరచెయ్యంత కనిపిస్తుంది. కారు పుట్టినప్పటి రంగు, తోలు గీతల అచ్చు అక్కడ చెక్కుచెదరకుండా ఉంటాయి. కొత్త రెగ్జిన్ కొనేటప్పుడు చేతిలో ఉండాల్సిన నమూనా ఆ ముక్కే. ఎండకు వెలిసిన భాగాన్ని చూసి రంగు ఎంచుకుంటే కారు పుట్టుకతోనే ముసలిదైనట్టు ఉంటుంది.

ప్యాడ్ విప్పడంలో అందరినీ ఇబ్బంది పెట్టేది అద్దం తిప్పే హ్యాండిల్. దాన్ని పట్టి ఉంచే పద్ధతులు ప్రధానంగా మూడు. నడి మధ్యన స్క్రూ ఉంటే గొడవ లేదు. కొన్నిటికి హ్యాండిల్ మెడలో గుర్రపు నాడా ఆకారపు స్ప్రింగు క్లిప్పు ఉంటుంది. మారుతి 800 లాంటి కార్లు బాగు చేసినవారికి ఇది బాగా తెలుసు. హ్యాండిల్‌కూ ప్యాడ్‌కూ మధ్య సన్నటి నూలు గుడ్డను దూర్చి, రెండు కొసలూ పట్టుకుని బూటు తుడిచినట్టు అటూ ఇటూ లాగితే గుడ్డ పోగులు క్లిప్పు కొసలకు చిక్కుకుని దాన్ని బయటికి లాగుతాయి. క్లిప్పు టక్కున ఎగిరిపోతుంది కాబట్టి రెండో చెయ్యి పైన అడ్డుగా పెట్టుకోవాలి. మూడోది, ఆ కాలపు బ్రిటిష్ కార్లలో తరచు కనిపించేది, అడ్డ పిన్ను పద్ధతి. హ్యాండిల్ వెనుక గుండ్రటి బిళ్ల ఉంటుంది, దాని వెనుక స్ప్రింగు ఉంటుంది. బిళ్లను బొటనవేళ్లతో ప్యాడ్ వైపు నొక్కి పట్టుకుంటే హ్యాండిల్ మెడకు అడ్డంగా దూర్చిన చిన్న ఇనుప పిన్ను బయటపడుతుంది. సన్నని మేకుతో దాన్ని ఒక వైపు నుంచి నెడితే రెండో వైపు జారి వస్తుంది. ఒకరు బిళ్లను నొక్కి ఉంచితే మరొకరు పిన్నును నెట్టడం మేలు. ఈ పద్ధతి తెలియక స్క్రూడ్రైవర్ పెట్టి హ్యాండిల్‌ను పెకలించడం వల్ల ఎన్నో పాత ప్యాడ్‌లు సరిగ్గా ఆ చోటే చిరిగాయి.

హ్యాండిళ్లు, ఆర్మ్‌రెస్ట్, లాక్ బటన్ వచ్చేశాక బోర్డు అంచుల వెంట ఉన్న స్ప్రింగు క్లిప్పులు మిగులుతాయి. వెడల్పాటి చదును పనిముట్టును సరిగ్గా క్లిప్పు పక్కనే దూర్చి లాగాలి. రెండు క్లిప్పుల మధ్య లాగితే బోర్డు విరుగుతుంది. పాత అంబాసిడర్లలో క్లిప్పులు ఊడిన చోటల్లా ఎవరో ఒకరు రేకుకు కన్నం పెట్టి స్క్రూ బిగించి ఉంటారు. ఆ స్క్రూ కన్నాల అంచుల్లో తుప్పు మొదలై ఉంటుంది, వాటినీ లెక్క పెట్టుకోవాలి.

ప్యాడ్ ఊడాక కనిపించేది ఆ కారు అసలు ఆరోగ్యం. బయట పెయింటు మెరుస్తున్నా లోపల తలుపు అడుగున మట్టి, ఎండుటాకులు, తుప్పు పొరలు పేరుకుని ఉండవచ్చు. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఇలాంటి తలుపులను చూసే పుట్టిందేమో అనిపిస్తుంది. చేతికి గ్లవుజు వేసుకుని ఆ చెత్తనంతా తీసి, అడుగున ఉన్న నీటి కన్నాలను సన్నని తీగతో పొడిచి తెరవాలి. అవి పూడుకుపోతే తలుపులో నీళ్లు నిలుస్తాయి. కారు కదిలినప్పుడు లోపల గలగలమన్నా, తలుపు మూసినప్పుడు నీళ్లు చిందినా కారణం అదే. బయటి రేకూ లోపలి రేకూ అడుగున కలిసే మడత దగ్గర తుప్పు మొదలవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పు గాలి వల్ల ఇది ఇంకా తొందరగా ముదురుతుంది. తుప్పు పైపైన ఉంటే వైరు బ్రష్‌తో, ఎమరీ కాగితంతో గీకి రెడ్ ఆక్సైడ్ వేసి, పైన పెయింటు వేయాలి. రేకు చిల్లులు పడితే ఆ భాగం కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. పుట్టీతో పూడ్చడం వల్ల ప్రయోజనం లేదు, దాని వెనుక తుప్పు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. ఈ పనంతా పెయింటింగ్‌కు ముందే జరగాలి. ప్యాడ్ పని చివరిదే అయినా ప్యాడ్ విప్పే పని మొదట్లోనే పెట్టుకోవాలని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే.

తలుపు తెరిచి ఉన్నప్పుడే అద్దం సంగతి కూడా చూడాలి. అద్దం జారే గాడిలో మెత్తటి ఫెల్ట్ ఉంటుంది. అది అరిగిపోతే అద్దం గడగడలాడుతుంది, ఒక పక్కకు ఒరిగి ఇరుక్కుంటుంది. అప్పుడు హ్యాండిల్‌ను బలవంతంగా తిప్పుతారు, లోపలి పళ్ల చక్రం అరుగుతుంది. గాడిలో కొత్త ఫెల్ట్ వేసి, యంత్రంలోని పాత గ్రీజు గడ్డలను కిరోసిన్‌తో కడిగి కొత్త గ్రీజు పెట్టి, లోపలి హ్యాండిల్ నుంచి తాళం దాకా వెళ్లే కడ్డీ కీళ్లకు చుక్క నూనె వేస్తే తలుపు తేలికపడుతుంది. అద్దాన్ని ఏ పది సార్లో దింపి ఎత్తి, తలుపు లోపలి నుంచీ బయటి నుంచీ తెరిచి చూసి, అద్దం మీద మగ్గుతో నీళ్లు పోసి అడుగు కన్నాల నుంచి కారుతున్నాయో లేదో చూడాలి. ఆ నీటి పరీక్ష నెగ్గని తలుపుకు ప్యాడ్ బిగించకూడదు.

ఇక కొత్త పలక. దానికి నమూనా పాత పలకే. ఎంత పాడైనా, ముక్కలైనా దాన్ని పారేయకూడదు. ఉబ్బిన బోర్డు అంచు కొంచెం పెరిగి ఉంటుంది కాబట్టి నేరుగా దాని మీద గీత గీసి కోస్తే కొలత తప్పుతుంది. ముందు పల్చటి అట్ట మీద గీసి, కత్తిరించి, ఆ అట్టను తలుపుకు ఆనించి చూసి, సరిచేసి, అప్పుడు బోర్డు మీదికి దించాలి. కుడి తలుపు పలకను తిరగేస్తే ఎడమ తలుపుకు సరిపోవాలి గానీ, దశాబ్దాల పాటు రోడ్ల మీద నలిగి, డెంటింగ్ పనులు జరిగిన తలుపులు అచ్చంగా ఒకేలా ఉండవు. ఏ తలుపుకు ఆ తలుపు నమూనా విడిగా తీసుకోవడమే క్షేమం. ప్రతి అట్ట మీద ‘ముందు కుడి’, ‘వెనుక ఎడమ’ అని, ఏ వైపు కారు లోపలికి వస్తుందో కూడా రాయాలి. ఇది రాయకపోతే నున్నటి వైపు రేకుకు, గరుకు వైపు మనిషికి వచ్చేలా కోసిన బోర్డులు నాలుగూ చెత్తబుట్టకే.

బోర్డు మందం విషయంలో రాజీ పడకూడదు. పాతది 3 మిల్లీమీటర్లుంటే కొత్తదీ అంతే ఉండాలి. గట్టిగా ఉంటుందని 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడితే హ్యాండిల్ కూర్చునే ఇరుసు బయటికి చాలినంత రాదు. పిన్ను కన్నం బిళ్ల వెనుకే ఉండిపోతుంది, పాత క్లిప్పులు బోర్డును పట్టవు, తలుపు మూసినప్పుడు ప్యాడ్ అంచు డోర్ ఫ్రేముకు రాసుకుంటుంది. మంచి హార్డ్‌బోర్డు, లేదా నీటిని తట్టుకునే పల్చటి మెరైన్ ప్లై, ఈ రెండే సరైనవి. అసలు రూపం కావాలంటే హార్డ్‌బోర్డు, రోజూ వానలో తిరిగే కారైతే మెరైన్ ప్లై. ఎండీఎఫ్ మాత్రం వద్దు, తడి తగిలితే బిస్కెట్టులా విచ్చిపోతుంది.

సన్నని పళ్ల రంపంతో కోసి, అంచులు ఎమరీ కాగితంతో నున్నగా చేసి, క్లిప్పుల కన్నాలు, ఇరుసు కన్నాలు, ఆర్మ్‌రెస్ట్ స్క్రూల కన్నాలు పాత బోర్డును పైన పెట్టి గుర్తు పెట్టుకుని వేయాలి. తర్వాత చాలామంది వదిలేసే పని ఒకటుంది. బోర్డు వెనుక వైపు, అన్ని అంచులకు, ప్రతి కన్నం లోపలి గోడకు వార్నిష్ రెండు మూడు పూతలు పట్టించి పూర్తిగా ఆరనివ్వాలి. నీళ్లు దూరేది అంచుల్లోంచి, కన్నాల్లోంచే. ఈ చిన్న పని ప్యాడ్ ఆయుష్షును ఏళ్ల కొద్దీ పెంచుతుంది.

రెగ్జిన్ తొడగడం కుషన్ వర్క్స్ మేస్త్రీ విద్య. బోర్డు మీద నున్నటి వైపు పల్చటి ఫోమ్ అంటిస్తారు. పాత ప్యాడ్‌లో ఫోమ్ ఎంత మందం ఉంటే అంతే, అసలు లేకపోతే లేకుండానే. ఇవాళ్టి అలవాటుతో అర అంగుళం ఫోమ్ వేస్తే ప్యాడ్ దిండులా ఉబ్బి పాత కారు ముఖమే మారిపోతుంది. ప్యాడ్ మీద నిలువు గీతలు ఉంటే అవి కుట్టు గీతలా, వెల్డింగ్ గీతలా అన్నది భూతద్దం పెట్టి చూడాలి. చాలా ఫ్యాక్టరీ ప్యాడ్‌ల మీద గీతలు కుట్టినవి కావు. అధిక పౌనఃపున్యం గల విద్యుత్తుతో రెగ్జిన్‌నూ ఫోమ్‌నూ గీత వెంట కరిగించి నొక్కినవి. అక్కడ దారం కనిపించదు. అలాంటి యంత్రం లేని చోట మెషిన్ మీద రంగు కలిసే దారంతో, సమానమైన దూరంలో కుట్టించడమే దగ్గరి దారి. గీతల మధ్య దూరం మాత్రం పాతదాని మీద కొలిచి వేయించాలి. కుట్టులో రెగ్జిన్ కొద్దిగా ముడుచుకుంటుంది కాబట్టి ముందు కుట్టి, తర్వాతే కొలతకు కత్తిరించాలి.

అంటించడానికి సింథటిక్ రబ్బరు జిగురు వాడతారు. కుషన్ పనివాళ్ల దగ్గర ఫెవికాల్ ఎస్ఆర్ 998 లాంటి డబ్బాలు ఎప్పుడూ ఉంటాయి. ఈ జిగురును రెండు వైపులా పల్చగా రాసి, వేలితో తాకితే అంటీ అంటనట్టు ఉండేదాకా ఆగి, అప్పుడు కలపాలి. తడి మీద కలిపితే లోపల ఆవిరి చిక్కుకుని ఎండ తగిలిన రోజున బుడగ లేస్తుంది. తెలుగునాట ఎండాకాలంలో అద్దాలు మూసి నిలిపిన కారు లోపలి వేడి 60 డిగ్రీలు దాటుతుంది, కాబట్టి వేడికి తట్టుకునే రకం జిగురే కొనాలి. డ్యాష్‌బోర్డు మెరుపు కోసం వాడే సిలికాన్ పాలిష్ ఆ చుట్టుపక్కల ఉండకూడదు, దాని తడి తగిలిన చోట జిగురు పట్టదు. రెగ్జిన్‌ను మధ్య నుంచి అంచులకు చేత్తో సాపు చేస్తూ రావాలి. అంచున ఒక అంగుళం వెనక్కి మడిచి, వంపులున్న చోట మడతలో చిన్న చిన్న కత్తెర గాట్లు పెట్టి అంటించాలి. మూలల్లో ఎక్కువైన ముక్క తీసేయాలి, లేకపోతే అక్కడ గుట్టలా లేచి ప్యాడ్ తలుపుకు ఆనదు. ఇరుసు కన్నాల దగ్గర రెగ్జిన్‌ను ముందే గుండ్రంగా కోయకుండా నక్షత్రంలా చిన్న గాట్లు పెడితే చాలు, మిగతాది బిళ్ల కింద దాగుతుంది.

బిగించే రోజున మొదట తలుపుకు దళసరి ప్లాస్టిక్ షీటు అంటించాలి. ఇదే పోయిన మైనపు కాగితానికి బదులు. చుట్టూ ఆరిపోని రకం జిగురు బద్దతో మూసి, కింది కొసను మాత్రం లోపలి రేకులో ఉన్న సందు గుండా తలుపు లోపలికి వదలాలి. షీటు మీద జారిన నీళ్లు తలుపులోకే పోయి అడుగు కన్నాల్లోంచి బయటపడతాయి. కొస బయట వేలాడితే నీళ్లు నేరుగా కొత్త బోర్డు మీదికే వస్తాయి. తర్వాత ఇరుసులకు స్ప్రింగులు ఎక్కించి, ప్యాడ్‌ను పై అంచు నుంచి కూర్చోబెట్టి, ఒక్కో క్లిప్పును దాని కన్నానికి ఎదురుగా ఉందని చూసుకుని అరచేత్తో కొట్టాలి. ఏదైనా క్లిప్పు దిగకపోతే బలం ఉపయోగించకుండా మళ్లీ విప్పి చూడాలి. అద్దాలన్నీ పైకి ఎత్తి ఉంచి, హ్యాండిళ్లు నాలుగూ ఒకే కోణంలో నిలిచేలా పిన్నులు వేస్తే కారు తలుపులన్నీ ఒక చేతి పని అని చూడగానే తెలుస్తుంది. ఆఖరున ఆర్మ్‌రెస్ట్, దాని స్క్రూలు.

పాత బోర్డును మాత్రం ఎవరికీ ఇవ్వకండి, తూకానికి వేయకండి. ఎండబెట్టి, వెనుక కారు నంబరు, ఏ తలుపుదో, ఏ సంవత్సరం విప్పారో రాసి, గుడ్డలో చుట్టి అటక మీద నిలువుగా ఆనించి పెట్టండి. రేపు ఆ కారును మళ్లీ విప్పేవాళ్లకు కొలతలు, ఆర్మ్‌రెస్ట్ కింద మిగిలిన అసలు రంగు ఆ బోర్డు మీదే దొరుకుతాయి.